క్యాప్సూల్ వేసుకున్న అరగంటకు ఒళ్లంతా ఎర్రబడుతోంది, ఎంఎస్ మందు ఆపేయాలా?

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్తాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిచేయండి. మీ తమ్ముడికి 29 ఏళ్లు, ప్రొద్దుటూరులో బట్టల అంగడి. మూడేళ్ల కింద చూపు మసకబారి, కాళ్లు తిమ్మిరెక్కితే బెంగళూరులో ఎంఆర్ఐ తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, సొంత ఇమ్యూనిటీయే నరాల మీది పొరను కొరికే జబ్బు) అని తేల్చారు. రెండేళ్లకు పైగా రోజూ గ్లాటిరామర్ సూది వేసుకున్నాడు, తొడల మీద గుంటలు పడ్డాయి. దాంతో డాక్టరు సూది మాన్పించి డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూళ్లు రాశారు. ఇవాళ్టికి పదో రోజు. పొద్దున టిఫిన్‌కు ముందు వేసుకుంటాడు. అరగంటకు మొహం, చెవులు, మెడ, ఛాతీ ఎర్రగా కందిపోయి, పచ్చిమిరపకాయ పూసినట్టు మంట. గంటలోపు దానంతట అదే పోతుంది. అలర్జీ మాత్ర సెట్రిజిన్ వేస్తే ఏం తేడా లేదు. మీ అమ్మగారేమో "వేడి చేసింది, ఆ మందు ఆపేసి పసరు తాగిద్దాం" అంటున్నారు. ఆపాలా వద్దా, తొడల మీది గుంటలు పూడతాయా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను డాక్టర్ని కాదు. కర్నూలులో స్టాఫ్ నర్సుగా 31 ఏళ్లు చేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. అందులో చివరి 12 ఏళ్లు న్యూరాలజీ వార్డు. మందు రాయడం, మార్చడం నా పని కాదు. మందు ఒంట్లోకి వెళ్లాక ఆ మనిషి పక్కన నిలబడి చూడటం నా పని. అక్కడ చూసిందే చెప్తున్నాను.

మీరు రాసింది రాసినట్టే ఉంటే క్యాప్సూళ్లు ఆపనక్కర్లేదు. మీ అంతట మీరు అస్సలు ఆపొద్దు. కానీ ఈ వారంలోనే ఆ బెంగళూరు డాక్టరుకు విషయం తెలియాలి.

మీరు "పదో రోజు" అని లెక్కగా రాయడం చాలా మంచిదైంది. ఈ మందు మామూలుగా మొదటి ఏడు రోజులు 120 మిల్లీగ్రాములు రెండు పూటలా ఇచ్చి, ఎనిమిదో రోజు నుంచి 240కి పెంచుతారు. అంటే మీ తమ్ముడికి డోసు రెట్టింపై మూడు రోజులే అయింది. చీటీ తీసి చూడండి, మంట ఎక్కువైంది ఆ రోజు నుంచే అయి ఉంటుంది. ఈ మందు మీద జరిగిన పరీక్షల్లో నూటికి 40 మంది దాకా ఇలాగే ఎర్రబడ్డారు. అది భరించలేక మందు మానుకున్నవాళ్లు నూటికి ముగ్గురే. చాలామందికి మొదటి నెల దాటేసరికి తగ్గుముఖం పడుతుంది.

డాక్టర్లు దీన్ని ఫ్లషింగ్ అంటారు. బీ3 విటమిన్, అదే నియాసిన్, పెద్ద డోసులో ఇచ్చినా అచ్చం ఇలాగే అవుతుంది. రెండూ చర్మంలోని కొన్ని కణాల మీద ఒకే రిసెప్టర్‌ని తట్టి లేపుతాయి. ఆ కణాలు ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దాంతో చర్మం కింద సన్నటి రక్తనాళాలు విచ్చుకుని రక్తం పైకి పొంగుతుంది. దద్దుర్లు తెప్పించే హిస్టమిన్‌కు ఇందులో పెద్ద పాత్ర లేదు. మీరు వేసిన సెట్రిజిన్ పనిచేయకపోవడానికి కారణం అదే, మాత్ర నకిలీదేమో అని అనుమానపడకండి.

ఈ మందు పుట్టుక ఒక వింత కథ. మొదట్లో ఈ జాతి మందులు నరాల జబ్బుకు కావు, చర్మం జబ్బుకే. సోరియాసిస్ ఉన్న ఒక జర్మన్ కెమిస్టు ఫ్యూమరిక్ ఆమ్లంతో తయారైన వాటిని తన ఒంటి మీదే ప్రయోగించి 1959లో ఆ సంగతి రాశాడు. 1994లో జర్మనీలో సోరియాసిస్‌కు మాత్రలుగా అనుమతి వచ్చింది. ఎంఎస్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2013లో. ఈ మధ్యలో ఇంకో ముచ్చట. చైనా నుంచి యూరప్‌కు వెళ్లే సోఫాలకు బూజు పట్టకుండా ఇదే డైమిథైల్ ఫ్యూమరేట్ పొట్లాలు లోపల పెట్టేవాళ్లు. ఆ సోఫాల్లో కూర్చున్నవాళ్లకు వీపు, తొడలు కాలినట్టు పొక్కిపోయాయి. 2009లో యూరప్ వాళ్లు అలాంటి వస్తువుల్లో దాన్ని నిషేధించారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మింగడం కష్టంగా ఉందని క్యాప్సూల్ విప్పి పొడి తేనెలో కలిపి నాకించే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఈ క్యాప్సూల్‌ని విప్పకూడదు, నమలకూడదు, నూరకూడదు. ఆ పొడి నోటికి, కడుపుకు, పట్టుకున్న చేతికి కూడా మంచిది కాదు.

ఇక చేయాల్సినవి. ఖాళీ కడుపున వేసుకోవడం రేపటి నుంచే మానేయాలి. కడుపు నిండా తిన్నాక వేసుకుంటే మంట తక్కువగా ఉంటుంది, కడుపులో తిప్పడమూ తగ్గుతుంది. తినేదాంట్లో కొంచెం నూనె, పప్పుదినుసు ఉంటే ఇంకా మేలు. బయటి దేశాల్లో ఈ మందు వాడేవాళ్లు చాలామంది పీనట్ బటర్ రాసుకున్న రొట్టె తిని మింగుతారట. చెనక్కాయలు పండే సీమలో పుట్టిన మనకు అదేం గొప్ప? దోసెలోకి చెనగ్గింజల ఊరిబిండి చేసిపెట్టండి, చాలు. లేదంటే ఉగ్గాని. కానీ ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ వద్దు. మీ ప్రొద్దుటూరు కారం దోసె కూడా కొన్నాళ్లు పక్కన పెట్టమనండి. కారం, పొగలు కక్కే కాఫీ, మద్యం... ఇవి మామూలు మనిషికే మొహం ఎర్రబరుస్తాయి, వాటి మీద ఈ క్యాప్సూల్ కూడా పడితే ఇక చెప్పక్కర్లేదు. వేసుకున్న గంట వరకు వేడినీళ్ల స్నానం, ఎండలో బండి మీద తిరగడం కూడా వద్దు.

అప్పటికీ ఇబ్బందిగా ఉంటే డాక్టర్ల దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, డోసును కొన్నాళ్లు మళ్లీ 120కి దించి, నాలుగు వారాల్లోపు తిరిగి 240కి తేవడం. రెండోది, క్యాప్సూల్‌కు అరగంట ముందు ఆస్పిరిన్ ఇవ్వడం, కొద్దికాలానికి మాత్రమే. ఈ రెండోదాంట్లో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లో నాన్నగారి గుండె మాత్రల డబ్బాలో ఈకోస్ప్రిన్ ఉంటుంది, అదీ ఆస్పిరినే కదా అని వేసేస్తారు. ఈకోస్ప్రిన్ మీద ఉండే పూత కడుపు దాటాక కరుగుతుంది. ఇక్కడ కావాల్సింది పూత లేని ఆస్పిరిన్, డోసు కూడా వేరు. పైగా అల్సర్, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆస్పిరిన్ పనికిరాదు. వానాకాలంలో జ్వరం వస్తే అది డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్ ముట్టకూడదు, రక్తస్రావం అవుతుంది. కాబట్టి డాక్టరు రాస్తేనే.

ఇప్పుడు అసలు విషయం. ఇవాళ్టి ఎర్రదనం ఫ్లషింగే అనుకుందాం. రేపు వచ్చేది కూడా అదేనని ఎలా తెలుస్తుంది? వార్డులో కొత్తగా చేరిన నర్సు పిల్లలకు నేనొకటి నేర్పేదాన్ని. చర్మం ఎంత ఎర్రగా ఉందో చూసి భయపడకండి, ఎంత తక్కువగా ఉందో చూసి ధైర్యపడకండి. ఎంతసేపట్లో వచ్చింది, ఎక్కడ వచ్చింది, దాంతో పాటు ఇంకేం వచ్చింది, ఈ మూడూ అడగండి అని.

ఫ్లషింగ్ చర్మం పైకి లేవదు. చేత్తో తడిమితే నున్నగానే ఉంటుంది, వేడిగా ఉంటుంది అంతే. మొహం, మెడ, ఛాతీ దాకా వచ్చి గంటలో దిగిపోతుంది. దద్దుర్లయితే దోమకాటులా, చింతగింజలా పైకి లేస్తాయి, ఒకచోట తగ్గి ఇంకోచోట వస్తాయి. వాటికి డాక్టరుకు ఫోన్ చేయాలి. పెదవులు, నాలుక, కనురెప్పలు వాచినా, గొంతు బిగుసుకున్నా, గొంతు మారినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగి చెమటలు పట్టినా ఫోన్లు చేస్తూ కూర్చోకండి, 108 పిలవండి. దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంటే అక్కడికి, బెంగళూరు కాదు. అక్కడ చేయాల్సిన మొదటి పని తొడ కండలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. అవిల్ అనే అలర్జీ సూది, స్టెరాయిడ్ దాని తర్వాతే. ఈ క్యాప్సూల్‌తోనూ అలాంటి అలర్జీ అరుదుగా రావచ్చు, మొదటి డోసుకే రావాలని లేదు.

ఇవి నిమిషాల్లో వచ్చేవి. రోజుల మీద వచ్చేవి వేరే ఉన్నాయి. అక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

ఆదోని వైపు పల్లె నుంచి వచ్చే ఒక రైతుకు ఎంఎస్. అతనికి చెంపలో కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి వచ్చేది, అన్నం ముద్ద నమలలేడు. ఈ జబ్బులో కొందరికి అలా వస్తుంది, ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. డాక్టరు కార్బమజెపిన్ రాశారు, నొప్పి తగ్గింది. పన్నెండో పదమూడో రోజున నాకు ఫోన్ చేసి "సిస్టరమ్మా, జరం తగిలిండాది, గొంతు నొప్పి, కండ్లు మంట, ఛాతీ మీద ఎర్రగా పేలినట్టుండాది" అన్నాడు. మే నెల. కర్నూలులో ఎండ నెత్తి మాడ్చేస్తోంది. నేను వేరే పనిలో ఉండి "వేడి చేసిందేమో, బార్లీ నీళ్లు తాగు, రేపు కూడా ఉంటే రా" అన్నాను. అతను నా మాట మీద రెండు రోజులు ఆ మాత్రలు మింగుతూనే ఉన్నాడు. మూడో రోజు తీసుకొచ్చేసరికి పెదవుల మీద రక్తం గడ్డకట్టి, నోరు తెరవలేక, వీపు మీద బొబ్బలు లేచి, చెయ్యి ఆనిస్తే తోలు ఊడొస్తోంది. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్, మందు పడక చర్మం ఊడిపోయే ప్రాణాంతకమైన రియాక్షన్. మూడు వారాలు వార్డులో ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ కళ్లలో తడి ఆరిపోయింది, ఇప్పటికీ చుక్కలు వేసుకుంటూనే ఉండాలి. ఆ రోజు నేను అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: కొత్త మందు ఎప్పుడు మొదలుపెట్టావు?

ఇది ఎక్కువగా కొత్త మందు మొదలైన వారం నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తుంది. జ్వరం, గొంతు నొప్పి, కళ్ల మంట ముందు. తర్వాత నొప్పి పుట్టే మచ్చలు, బొబ్బలు, నోట్లో, మూత్రం దారిలో పుండ్లు. దురద కన్నా నొప్పి ఎక్కువ ఉంటే అనుమానించండి. కార్బమజెపిన్‌కే కాదు, అరుదుగా మూర్ఛకు ఇచ్చే లామోట్రిజిన్‌కు, ఎంఎస్‌లోనే వాడే టెరిఫ్లూనమైడ్‌కు కూడా రావచ్చు. టెరిఫ్లూనమైడ్‌తో ఇంకో చిక్కుంది. ఆపేసినా నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది, కొందరిలో రెండేళ్ల దాకా. కొలెస్టిరమిన్ పొడి గానీ యాక్టివేటెడ్ చార్‌కోల్ గానీ 11 రోజులు ఇచ్చి దాన్ని బయటికి లాగాలి. ఇక కార్బమజెపిన్ విషయానికొస్తే, ఆసియా వాళ్లలో కొందరికి ఉండే ఒక జన్యువు వల్ల ఈ ప్రమాదం పెరుగుతుంది. దాన్ని ముందే రక్తపరీక్షతో కనిపెట్టవచ్చు. పేరు హెచ్ఎల్ఏ బీ 1502. మీ తమ్ముడికి ఎప్పుడైనా ఆ మాత్ర రాస్తే ఈ పరీక్ష గురించి అడగండి. మీ అంతట మీరు మందు ఆపొద్దని పైన అంత గట్టిగా చెప్పాను కదా, దానికి మినహాయింపులు రెండే. ఒకటి ఈ స్టీవెన్స్ జాన్సన్ గుర్తులు, రెండోది గొంతు వాచి ఊపిరాడకపోవడం లాంటి, పైన 108 పిలవమన్న గుర్తులు. ఆపి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఆ రైతు విషయంలో నన్ను మోసం చేసింది ఇంకోటి కూడా ఉంది. అతను బాగా నల్లటి మనిషి. మందు కాగితాల్లో "చర్మం ఎర్రబడును" అని రాసి ఉంటుంది, అది తెల్లవాళ్ల ఒంటిని చూసి రాసిన మాట. నల్లటి ఒంటి మీద అదే మచ్చ ఊదాగానో, రాగి రంగులోనో, మామూలు కన్నా ఇంకాస్త నల్లగానో కనిపిస్తుంది. ఫ్లషింగ్ అయితే అసలు కనిపించకపోవచ్చు, చేతి వెనక వైపు ఆనించి వేడి చూడాలి. మీ తమ్ముడు తెల్లగా ఉంటాడు కాబట్టి మీకు కనిపించింది. చామనచాయ వాళ్లలో "ఒళ్లంతా సెగలు" అని మాత్రమే చెప్తారు, చుట్టూ ఉన్నవాళ్లు "ఏం లేదే, బాగానే ఉన్నావే" అంటారు. కంటి లోపలి రెప్ప, నోటి లోపల, అరచేతులు చూడండి, అక్కడ రంగు దాచుకోలేదు.

తొడల గుంటల సంగతి. నిజం చెప్పాలంటే అవి చాలావరకు పూడవు. గ్లాటిరామర్ పడ్డ చోట చర్మం కింద కొవ్వు కరిగిపోతుంది, దాన్నే లైపోఆట్రఫీ అంటారు. చూడ్డానికి బాగుండదన్న మాటే గానీ నొప్పి ఉండదు, ప్రమాదం లేదు. సూది మానేశాడు కాబట్టి కొత్తవి రావు. కానీ మీరు "తొడల మీద" అని మాత్రమే రాశారు, అందులోనే కారణం కూడా కనబడుతోంది. రోజూ వేసుకునే ఆ సూదికి ఒంట్లో ఏడు చోట్లు చెప్తారు: రెండు చేతుల వెనక భాగం, రెండు తొడలు, రెండు పిరుదుల పైభాగం, బొడ్డుకు రెండంగుళాలు వదిలి పొట్ట. వారానికి ఏడు రోజులు, చోటు చోటుకీ ఒక రోజు. మగపిల్లలు ఒంటరిగా వేసుకునేటప్పుడు కంటికి కనిపించే తొడకే పొడుచుకుంటారు. చేయి వెనక్కి వేయాలంటే ఇంకో మనిషి కావాలి, అడగడానికి నామోషీ. ఇది చదివే మిగతావాళ్లలో ఇంకా సూది వాడుతున్నవాళ్లుంటే క్యాలెండర్ మీద ఏ రోజు ఎక్కడో రాసుకోండి.

వాళ్లకే ఇంకో రెండు మాటలు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మందు వేస్తే మంట, గడ్డ ఎక్కువ. బయట పెట్టి చలి పోయాక వేసుకోవాలి. కాగితంలో "గది ఉష్ణోగ్రత" అని ఉంటే అది 25 డిగ్రీల లోపు మాట, మహా అయితే 30. మే నెలలో మన గదులు 40 ఉంటాయి. అరగంట చాలు, మర్చిపోయి సాయంత్రం దాకా వదిలేయొద్దు. కరెంటు పోతుందని ఫ్రీజర్‌లో పెట్టడం ఇంకా తప్పు, గడ్డకట్టిన మందు పారేయాల్సిందే. స్పిరిట్ పూర్తిగా ఆరాక గుచ్చాలి. ఇంటర్‌ఫెరాన్ అనే ఇంకో ఎంఎస్ సూది వాడేవాళ్లకు గుంటల కన్నా ఎర్రటి గట్టి మచ్చలు ఎక్కువ వస్తాయి, అవి వారాల తరబడి ఉన్నా కంగారు లేదు. మచ్చ మధ్యలో నల్లబడినా, చీము పట్టినా, పుండు లోతుకు పోతున్నా మాత్రం ఆ చోట మళ్లీ గుచ్చకుండా చూపించాలి. మెడికల్ షాపులో ఇచ్చే ఏదో ఒక స్టెరాయిడ్ ట్యూబు పూయడం వద్దు. తామర మీద అవి పూసి పూసి మన జిల్లాల్లో ఎంతమంది తొడలు, నడుములు పాడుచేసుకున్నారో చర్మం డాక్టర్లను అడగండి, గంట సేపు తిడతారు.

గ్లాటిరామర్‌తో సూది వేసిన నిమిషాల్లోనే మొహం ఎర్రబడి, ఛాతీ పట్టేసి, గుండె దడదడలాడి, పావుగంటలో మామూలైపోయే రియాక్షన్ ఒకటుంది. మేము ఏళ్ల తరబడి "భయపడకు, కూర్చో, పోతుంది" అని చెప్పేవాళ్లం. చాలాసార్లు అది నిజమే. కానీ 2025 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుకు అన్నిటికన్నా గట్టి హెచ్చరిక జోడించింది. ప్రాణాంతకమైన అనాఫిలాక్సిస్ (ఒళ్లంతటినీ కుదిపే తీవ్రమైన అలర్జీ) కొందరికి వస్తోందని, ఏళ్లుగా వాడుతున్నవాళ్లకు కూడా రావచ్చని. కాబట్టి తగ్గకుండా పెరుగుతుంటే కూర్చోవద్దు, ఆస్పత్రికి వెళ్లాలి.

రేపు ఏ కారణం చేతనైనా డాక్టరు రిటుక్సిమాబ్‌కో ఆక్రెలిజుమాబ్‌కో మార్చారనుకోండి, మన దేశంలో రిటుక్సిమాబ్ బాగానే వాడుతున్నారు, అది సెలైన్‌లా ఎక్కించే మందు. రియాక్షన్ ఎక్కువగా మొదటిసారి ఎక్కించేటప్పుడే వస్తుంది. అందుకే ముందు పారాసిటమాల్, అవిల్, స్టెరాయిడ్ ఇచ్చి, చుక్కలు చాలా నెమ్మదిగా మొదలుపెట్టి అరగంటకోసారి పెంచుతారు. ఇక్కడ మా నర్సులందరికీ ఉన్న పెద్ద టెన్షన్ మందుతో కాదు, మనవాళ్ల మొహమాటంతో. మొదటి గుర్తు చాలా చిన్నది: చెవి లోపల దురద, గొంతులో గరగర, అరచేతుల్లో చీమలు పాకినట్టు. అడిగితే "ఏం లేదమ్మా, బాగుండా" అంటారు. సిస్టర్‌ని ఎందుకు ఇబ్బంది పెట్టడం అని. పది నిమిషాల తర్వాత ఒళ్లంతా దద్దుర్లు, చలి వణుకు. ఆ గరగర దగ్గరే చెప్పి ఉంటే చుక్కలు ఆపి, కాసేపాగి, మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టి ఆ రోజే పూర్తిచేసి పంపేవాళ్లం. మీ తమ్ముడికి ముందే చెప్పండి, గొంతు దురద పెడితే అరవమని.

మిగతావి క్లుప్తంగా. జబ్బు తిరగబెట్టినప్పుడు మూడు నుంచి ఐదు రోజులు ఎక్కించే మిథైల్‌ప్రెడ్నిసోలోన్ వల్ల మొహం ఎర్రబడటం, వీపు మీద మొటిమలు వస్తాయి, పోతాయి. నీరసానికి ఇచ్చే అమాంటడిన్ వల్ల కాళ్ల మీద వల పరిచినట్టు ఊదా గీతలు పడతాయి, గ్యాంగ్రీన్ అనుకుని ఏడ్చిన అమ్మాయిని చూశాను, అది కాదు. టెరిఫ్లూనమైడ్‌తో జుట్టు పలచబడుతుంది, చాలామందికి మళ్లీ వస్తుంది. ఫింగోలిమోడ్ అనే ఎంఎస్ మందు వాడేవాళ్లు కొత్త పుట్టుమచ్చలు, మానని పుండ్లు ఉన్నాయేమో ఏడాదికోసారి చర్మం డాక్టరుకు చూపించుకోవాలి. ఈ మందునూ, నటాలిజుమాబ్‌నూ ఉన్నట్టుండి ఆపితే జబ్బు మునుపటికన్నా గట్టిగా తిరగబడ్డ సందర్భాలున్నాయి. చర్మం మీద ఏదో వచ్చిందని ఎవరికి వారు మానేయకూడదనడానికి ఇంకో కారణం ఇది.

మీ అమ్మగారి మాట. "వేడి చేసింది" అన్నందుకు ఆమెను కసురుకోకండి, 31 ఏళ్ల సర్వీసున్న నేనే అన్నాను కదా. ఆమె మాటలో ఒక పాలు నిజం కూడా ఉంది. ఎంఎస్ ఉన్నవాళ్లకు ఒంటి వేడి పెరిగితే చూపు మసకబారడం, కాళ్లు బరువెక్కడం కాసేపు ఎక్కువవుతుంది. దాన్ని 1890లో ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు గుర్తించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. చల్లబడితే పోతుంది, కొత్తగా నరాలు దెబ్బతిన్నట్టు కాదు. కాబట్టి కడప ఎండల్లో మజ్జిగ, రాగి అంబలి, తడిగుడ్డ, కూలర్ అన్నీ మంచివే, అమ్మగారిని ఆ పని చూసుకోమనండి. పసరు మాత్రం వద్దు. అందులో ఏముందో ఇచ్చేవాడు చెప్పడు. తెలిసిన తిప్పతీగతోనే కోవిడ్ కాలంలో లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు ప్రచురించారు. ఇమ్యూనిటీ పెంచుతుందని దాన్ని తాగిస్తారు. ఎంఎస్‌లో సొంత ఇమ్యూనిటీయే నరాల మీది పొరను కొరుకుతోంది, దాన్ని ఇంకా ఎగదోయడం ఎందుకు? ఈ క్యాప్సూళ్ల మీద లివర్ పరీక్షలు కూడా చేయిస్తుంటారు. రెండూ కలిస్తే ఏది ఎవరి తప్పో తేలదు.

రక్తపరీక్ష అన్నాను కాబట్టి, మొదలుపెట్టేముందు సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేశారా చూడండి. ఈ మందు లింఫోసైట్లనే తెల్లకణాలను తగ్గిస్తుంది. కొన్ని నెలలకోసారి లెక్క చూసుకుంటూ ఉండాలి. అవి 500 లోపే ఉండి ఆరు నెలలు దాటితే మందు కొనసాగించాలా అని డాక్టరు మళ్లీ ఆలోచిస్తారు. ఇది చర్మానికి సంబంధం లేని విషయం కాదు. కణాలు తగ్గినప్పుడు చిన్నప్పటి ఆటలమ్మ వైరస్సే మళ్లీ లేచి, నడుముకో ఛాతీకో ఒకవైపు పట్టీ కట్టినట్టు నీటి పొక్కులు వస్తాయి. మన దగ్గర సర్పి అంటారు. జాజు పూసి, మంత్రం వేయించి మూడు రోజులు పోగొట్టుకుంటారు. దానికి వైరస్‌ను అణచే మాత్రలున్నాయి, మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. పొక్కులు రాకముందే ఒకవైపు మంట, పొడుపులు మొదలవుతాయి. అలా అనిపిస్తే చొక్కా విప్పి చూడండి.

డాక్టరుకు ఫోన్ చేసేముందు ఒక పని. ఒక నోటుబుక్కులో మూడు రోజులు రాయండి: క్యాప్సూల్ ఏ టైముకు, ఏం తిన్నాక, ఎర్రదనం ఎన్ని నిమిషాలకు మొదలైంది, ఎక్కడిదాకా పాకింది, ఎప్పుడు పోయింది. ట్యూబులైటు కింద కాకుండా వాకిట్లో వెలుతురులో ఫోటో తీయండి, ఒకటి దగ్గర్నుంచి, ఒకటి దూరం నుంచి. ఇవి వాట్సాప్‌లో పంపితే బెంగళూరు బస్సు ఛార్జీ మిగలొచ్చు. మందు వల్ల ఏ రియాక్షన్ వచ్చినా మామూలు మనుషులే నేరుగా చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వం టోల్‌ఫ్రీ నంబరు పెట్టింది, 1800 180 3024. పేషెంట్లు దాన్ని వాడుకోవడం నా సర్వీసులో నేను చూసింది చాలా తక్కువ.

ఇంకొక్కటి, మీరు రాయలేదు గానీ అడగాల్సిందే. మీ తమ్ముడికి ఎంఎస్ పేరుతో వికలాంగుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టారా? 2016 చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను కూడా చేర్చారు. ఇప్పుడు బాగా నడుస్తున్నాడు కదా అని వదిలేయకండి.

రేపు పొద్దున దోసె, ఊరిబిండి తిన్నాక క్యాప్సూల్ వేయించి, ఎన్ని నిమిషాలకు ఏమైందో సాయంత్రం రాయండి. 240 ఏ తారీఖు నుంచి మొదలైందో కూడా.